గడియారానికి కాపలా ఎవరు?

నెల్లూరు తీరాన చిల్లకూరు మండలం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి చెన్నై హైవే, సిలికా ఇసుక, తమ్మినపట్నం వైపు లేచిన థర్మల్ చిమ్నీలు. మీనాక్షి, సింహపురి విద్యుత్ కేంద్రాలను కట్టింది ఈ మండలంలోనే. పక్కనున్న ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం రేవు ఉంది, నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. కోట, చిల్లకూరు మండలాల భూముల్లో రాబోతున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరం క్రిస్ సిటీకి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఇంత పరిశ్రమ ఒక్కచోట పోగుపడుతుంటే భూముల గురించీ, బూడిద గురించీ, స్థానికులకు దక్కే ఉద్యోగాల గురించీ మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఈ పరిశ్రమలన్నీ ప్రతి క్షణం వాడుకునే ఒక వనరు గురించి మాత్రం ఏ సమీక్షా సమావేశంలోనూ చర్చ జరగదు. అది సరైన సమయం.

కరెంటు సంగతే చూద్దాం. మన దేశంలో గ్రిడ్‌కు ఇచ్చే విద్యుత్తును పావుగంటల లెక్కన కొలుస్తారు. రోజుకు 96 పావుగంటలు. ఏ పావుగంటలో ఎంత ఇస్తామో ఉత్పత్తి కేంద్రం ముందే చెప్పాలి. చెప్పినదానికీ ఇచ్చినదానికీ తేడా వస్తే ఆ మేరకు డబ్బు చేతులు మారుతుంది. మీటరు గడియారం జారితే ఒక పావుగంటలో పుట్టిన కరెంటు పక్క పావుగంట ఖాతాలో పడుతుంది. ఇది నిమిషాలతో తేలే వ్యవహారం. స్విచ్‌యార్డులోకి వెళ్తే లెక్క మిల్లీసెకన్లకు దిగుతుంది. యూనిట్ ట్రిప్ అయినప్పుడు ఏ రిలే ముందు స్పందించింది, ఏ బ్రేకర్ ఎప్పుడు తెరుచుకుంది అన్న వరుస తేలితేనే కారణం తెలుస్తుంది. రెండు రికార్డర్ల గడియారాలు రెండు రకాలుగా ఉంటే ఫలితం ముందొచ్చి కారణం తర్వాత వచ్చినట్టు కాగితం మీద కనిపిస్తుంది. గ్రిడ్ ఫేజర్లను, అంటే వోల్టేజీ, కరెంటు తరంగాల పరిమాణాన్నీ కోణాన్నీ కొలిచే యంత్రాల దగ్గర ఇంకా కిందికి దిగాలి. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో సమయం దాదాపు 32 మైక్రోసెకన్లు తప్పితే చాలు, కొలతలో ఒక శాతం దోషం వచ్చినట్టే.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలూ, కెనడాలోని ఒంటారియో చీకట్లో మునిగాయి. సుమారు 5 కోట్ల మంది మీద ఆ ప్రభావం పడింది. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చేందుకు విచారణ బృందం ఎన్నో రికార్డుల గడియారాలను సరిపోల్చుకోవలసి వచ్చింది. సమయంతో అనుసంధానమైన రికార్డర్లను తప్పనిసరి చేయాలన్నది తుది నివేదిక చేసిన సిఫార్సుల్లో ఒకటి.

ఈ విషయం విద్యుత్ ఇంజినీర్లతోనే ఆగదు. చిల్లకూరు మండలంలోని బూదనం టోల్‌ప్లాజా మీదుగా వెళ్లే ప్రతి వాహనానికీ దీనితో పని ఉంది. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్ల రుసుమే కట్టాలి. ఆ 24 గంటలను లెక్కించేది టోల్ యంత్రం. 2025 ఫిబ్రవరి 17 నుంచి ఫాస్టాగ్ లావాదేవీలకు మరో నిబంధన వచ్చింది. రీడర్ ట్యాగ్‌ను చదివిన సమయానికి గంటకు పైగా ముందునుంచీ ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉండి, చదివిన 10 నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే లావాదేవీని తిరస్కరిస్తారు. అంటే లేన్‌లోని రీడర్ గడియారానికీ, బ్యాంకు సర్వర్ గడియారానికీ పొత్తు కుదరాలి. తిరస్కరణ వల్ల ఒక డ్రైవరు తన తప్పు లేకుండా అదనపు రుసుము కట్టాడా, లేదా అన్న తగాదా చివరికి గడియారాల మీదికే వస్తుంది. హైవే కెమెరాలో దొరికిన దృశ్యం కోర్టులో సాక్ష్యంగా నిలవాలన్నా అంతే. దాని మీద ముద్రపడిన సమయం నిజమైనదేనని చూపగలగాలి.

ఈ సమయం ఎక్కడినుంచి వస్తుంది? మన దేశానికి అధికారిక సమయాన్ని చూసుకునేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దాని అణుగడియారాల నుంచి సర్వర్లకూ, సర్వర్ల నుంచి కోట్ల యంత్రాలకూ సమయాన్ని మోసుకెళ్లే పద్ధతి పేరు నెట్‌వర్క్ టైం ప్రోటోకాల్, క్లుప్తంగా ఎన్‌టీపీ. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించారు. దీని తొలి ప్రమాణ పత్రం 1985లో వచ్చింది. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశారు. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ నడుస్తున్న అతి పాత ఏర్పాట్లలో ఎన్‌టీపీ ఒకటి. యంత్రం సర్వర్‌ను సమయం అడుగుతుంది, సర్వర్ చెబుతుంది. ప్రశ్న వెళ్లిన క్షణం, అందిన క్షణం, జవాబు బయలుదేరిన క్షణం, చేరిన క్షణం, ఈ నాలుగింటినీ బట్టి దారిలో అయిన ఆలస్యాన్ని తీసేసి యంత్రం తన గడియారాన్ని దిద్దుకుంటుంది. చూడచక్కని లెక్క ఇది. కానీ ఇది పుట్టింది ఇంటర్నెట్‌లో అందరూ అందరినీ నమ్మిన రోజుల్లో. మామూలుగా వాడే పద్ధతిలో జవాబు చెప్పినవాడు నిజంగా ఆ సర్వరేనా అని యంత్రం తరచి చూడదు. యూడీపీ 123వ పోర్టులో వచ్చిన చిన్న ప్యాకెట్టును నమ్మేస్తుంది.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో ఎవరి దుర్మార్గమూ లేకుండానే ఒకసారి తెలిసొచ్చింది. 2012 నవంబర్ 19న అమెరికా నౌకాదళ వేధశాల నడిపే రెండు ప్రసిద్ధ టైం సర్వర్లు కాసేపు 2000 సంవత్సరాన్ని చెప్పాయి. వాటిమీద ఆధారపడిన చోట్ల కార్యాలయాల లాగిన్ వ్యవస్థలూ, రూటర్లూ, ఫోన్ ఎక్స్ఛేంజీలూ తడబడ్డాయి. పొరపాటుకే అంత జరిగితే, కావాలని చేసేవాడి చేతికి అదే తాళం దొరికితే ఎలా ఉంటుంది? గడియారాన్ని వెనక్కి తిప్పితే గడువు తీరిన భద్రతా సర్టిఫికెట్లు మళ్లీ చెల్లుతాయి. ముందుకు తిప్పితే బతికున్న సర్టిఫికెట్లు చచ్చిపోతాయి. ఫోన్‌లోని యాప్ 30 సెకన్లకొకసారి మార్చే రహస్య సంఖ్య సర్వర్ దగ్గర సరిపోలదు. అన్నిటికంటే ప్రమాదం, లాగ్‌లు అబద్ధం చెప్పడం. దొంగ ఎప్పుడొచ్చాడో చెప్పవలసిన పుస్తకంలోనే తేదీలు మారిపోతాయి.

దూరాన కూర్చుని టైం సర్వర్లను దెబ్బతీయడం ఊహ కాదు. 2014 ఫిబ్రవరిలో క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ తన వినియోగదారు మీదకు సెకనుకు 400 గిగాబిట్లకు కొంచెం తక్కువగా వరద వచ్చిందని వెల్లడించింది. ఆ వరదను మోసింది దాదాపు 4,500 ఎన్‌టీపీ సర్వర్లు. వాటి యజమానులకు ఆ సంగతే తెలియదు. పాత ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్‌లో మాన్‌లిస్ట్ అనే ఆదేశం ఉండేది. ఇటీవల తనతో మాట్లాడిన 600 యంత్రాల చిట్టాను సర్వర్ అడిగినవాళ్లకల్లా ఇచ్చేది. దుండగుడు బాధితుడి చిరునామా పెట్టి ఆ చిట్టా అడిగితే, చిన్న ప్రశ్నకు కొండంత జవాబు బాధితుడి మీద పడేది.

అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చింది ఇంకా పెద్ద కబురు. గూగుల్ భద్రతా పరిశోధకులు నీల్ మెహతా, స్టీఫెన్ రాట్గర్ ఎన్‌టీపీ ప్రధాన సాఫ్ట్‌వేర్‌లో మెమరీ పొంగిపొర్లే లోపాలను కనిపెట్టారు. తగినట్టు తయారుచేసిన ఒక్క ప్యాకెట్టు దూరంనుంచి పంపితే సర్వర్ మీద దుండగుడు తన సొంత కోడ్ నడపగలిగే పరిస్థితి. 4.2.8 కంటే ముందటి వెర్షన్లన్నీ దాని పాలబడ్డవే. ఆపిల్ సంస్థ మ్యాక్ కంప్యూటర్లకు వాడేవాళ్ల అనుమతి కోసం ఆగకుండా మొదటిసారి దానంతట అదే ఎక్కే భద్రతా ప్యాచ్ పంపింది ఈ లోపం కోసమే. అమెరికాలో పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రతను చూసే విభాగం ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. విద్యుత్ కేంద్రాల్లోనూ ఈ సాఫ్ట్‌వేరే ఉంటుంది కాబట్టి.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి మనసును కలచివేస్తుంది. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో నోక్వెరీ అన్న మాటతో ఉండే ఒక్క వరుస మాన్‌లిస్ట్ దుర్వినియోగాన్ని ఆపేది. డిసెంబర్‌లో బయటపడిన మూడు పొంగుల్లో రెండింటినీ అదే వరుస అడ్డుకునేది. సమయం అడిగితే చెప్పు, నీ లోపలి సంగతులు అడిగితే మాత్రం పెదవి విప్పకు అని సర్వర్‌కు చెప్పే వరుస అది. ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. లేకపోయింది ఆ ఫైల్ తెరిచి చూసే మనిషి.

2015లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంచల్ మల్హోత్రా, షారన్ గోల్డ్‌బర్గ్ బృందం మరో దారి చూపింది. రద్దీ ఎక్కువైతే ఇక నన్ను అడగకు అని సర్వర్ యంత్రానికి చెప్పే సందేశం ఒకటుంది. అలాంటి సందేశాన్ని దొంగ పేరుతో పంపి, యంత్రం ఎవరినీ సమయం అడగకుండా నోరు మూయించవచ్చని వాళ్లు నిరూపించారు. యంత్రం గడియారం మెల్లగా దానిపాటికది జారుతూ పోతుంది. ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్ మామూలుగా వెయ్యి సెకన్లకు మించిన తేడాను చూస్తే నమ్మకుండా ఆగిపోతుంది. కానీ చాలాచోట్ల యంత్రం రీబూట్ అయినప్పుడు మొదటిసారికి ఎంత తేడానైనా ఒప్పుకోమని అమర్చి ఉంచుతారు. కాచుకుని కూర్చున్నవాడికి ఒక్క రీబూట్ చాలు.

2023 ఏప్రిల్‌లో మరో అయిదు లోపాలు బయటికొచ్చినప్పుడు మొదట అందరూ హడలిపోయారు. తరచి చూస్తే నాలుగు లోపాలు సర్వర్‌లో లేవు, దాన్ని పరిశీలించే చిన్న పనిముట్టులో ఉన్నాయని తేలింది. అయిదోది ఒక రకం జీపీఎస్ రిసీవర్‌తో మాట్లాడే డ్రైవర్‌లో ఉంది. హెచ్చరిక రాగానే బెంబేలెత్తడమూ తప్పే, పక్కన పడేయడమూ తప్పే. మన దగ్గర ఏ వెర్షన్ ఉంది, ఏ రిసీవర్ ఉంది అన్న జాబితా చేతిలో ఉన్నవాళ్లు ఆ వారం అరగంటలో తేల్చుకున్నారు. జాబితా లేనివాళ్ల దగ్గర ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉండిపోయి ఉంటుంది.

ఇక్కడ మన ప్రభుత్వం చేసిన పని ఒకటి చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ తమ గడియారాలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటితో సరిచూసుకునే సర్వర్లతోనో కలపాలి. సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి. వీటిలో గోప్యత గురించి వచ్చిన విమర్శలు వేరు. సమయానికి సంబంధించిన నిబంధన మాత్రం మంచిది, అవసరమైనది. దొంగతనం జరిగిన ఊళ్లో ప్రతి సాక్షీ వేర్వేరు సమయం చెబితే దర్యాప్తు ఎలా సాగుతుంది? 2019 ఏప్రిల్ చివర్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. వాటిలో ఈ ప్రాంతానికి కరెంటిచ్చే సంస్థ కూడా ఉంది. దానికీ టైం సర్వర్లకూ సంబంధం ఉందని అనడం లేదు. అలాంటి రోజున మొదట తెరిచేది లాగ్‌లనే అని మాత్రమే గుర్తుచేస్తున్నాను.

2025 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరో అడుగు వేసి, వ్యాపార, పాలనా, న్యాయ వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక సమయమే ఆధారం కావాలంటూ ముసాయిదా నియమాలు వెలువరించింది. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిల్లోని ప్రాంతీయ ప్రయోగశాలల ద్వారా సమయాన్ని పంచే పథకమూ నడుస్తోంది. దిశ సరైనదే.

కానీ ఎవరి సమయం తీసుకోవాలో చెప్పినంత గట్టిగా, ఆ సమయాన్ని అందించే సర్వర్‌ను ఎలా కాపాడాలో, ఎవరు కాపాడాలో ఎవరూ చెప్పలేదు. దేశం మొత్తాన్ని కొన్ని సర్వర్ల వైపు తిప్పిన తర్వాత ఆ సర్వర్లూ, వాటినుంచి తీసుకుని ప్రతి ప్లాంటులో పంచే స్థానిక సర్వర్లూ మరింత విలువైన లక్ష్యాలవుతాయి. ఊరి మంచినీళ్ల ట్యాంకుకు మూత ఉందా, తాళం ఉందా అని పంచాయతీ చూస్తుంది, ఎందుకంటే అందరూ తాగేది ఆ నీళ్లే. టైం సర్వర్‌కు అలాంటి యజమాని చాలా సంస్థల్లో లేడు. ఐటీ వాళ్లు అది ప్లాంటు వాళ్ల పెట్టె అంటారు, ప్లాంటు వాళ్లు అది కంపెనీ బిగించి వెళ్లిన పెట్టె అంటారు. పైకప్పు మీద జీపీఎస్ యాంటెన్నా, ర్యాకులో చిన్న పెట్టె, దాని లోపల ఏళ్లనాటి లినక్స్, పాత ఎన్‌టీపీ, కంపెనీ ఇచ్చినప్పటి పాస్‌వర్డు. పచ్చ దీపం వెలుగుతున్నంతకాలం ఎవరూ దాని జోలికి పోరు.

మా నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు కలిసే లేదు అన్నది తరచుగా వినిపించే జవాబు. నిజమే అయినా అది సగం రక్షణే. కంపెనీ ఇంజినీరు ల్యాప్‌టాప్ లోపలికి వస్తుంది, దూరంనుంచి మరమ్మతు చేసేందుకు లింకు తెరుస్తారు, పెన్‌డ్రైవ్ వస్తుంది. 2019 అక్టోబర్‌లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో పాలనా విభాగపు కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికిందని అణువిద్యుత్ సంస్థే ఒప్పుకుంది. నియంత్రణ వ్యవస్థ విడిగా ఉండబట్టి దానికి సోకలేదని వివరించింది. విడిగా ఉంచడం ఎంత మేలో ఆ ఘటన చెబుతుంది. అదే విడితనం వల్ల ప్యాచ్‌లు కూడా లోపలికి రావన్నది దాని రెండో వైపు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాల ప్రకారం ప్రతి విద్యుత్ సంస్థలో భద్రతకు బాధ్యుడైన అధికారి ఉండాలి. ఆ అధికారి చేసే పరికరాల జాబితాలో టైం సర్వర్ ఒక వరుసగా ఉందా అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న.

నడుస్తున్న ప్లాంటులో ప్యాచ్ వేయడం కష్టమన్న ఇంజినీర్ల మాటలో న్యాయం ఉంది. 24 గంటలూ గ్రిడ్‌కు కరెంటిస్తున్న యూనిట్‌లో ఇష్టమొచ్చినప్పుడు రీబూట్ చేయలేరు. కానీ ముఖ్యమైన చోట్ల టైం సర్వర్లు జంటగా ఉంటాయి, లేకపోతే ఉండేలా చూడాలి. స్టాండ్‌బైలో ఉన్నదానికి ముందు ప్యాచ్ వేసి, కొన్నాళ్లు చూసి, బాధ్యత దానికి మార్చి, అప్పుడు రెండోదాన్ని పట్టుకోవచ్చు. వార్షిక ఓవర్‌హాల్ పనుల పట్టీలో బాయిలర్ ట్యూబులతోపాటు దీన్నీ చేర్చవచ్చు. బయటినుంచి సమయం తెచ్చే యంత్రం వేరుగా, లోపల పంచే యంత్రం వేరుగా ఉండాలి. లోపలిదాన్ని బయటివాళ్లెవరూ పలకరించే వీలుండకూడదు. ఒకే మూలాన్ని నమ్మకుండా కనీసం నాలుగింటిని అడిగితే, వాటిలో ఒకటి అబద్ధం చెప్పినా మిగతావి దాన్ని పట్టిస్తాయి. గడియారం ఉన్నట్టుండి గెంతితే కంట్రోల్ రూంలో అలారం మోగాలి.

సంతకం చూసి సమయం తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. నెట్‌వర్క్ టైం సెక్యూరిటీ (ఎన్‌టీఎస్) అనే ఈ ప్రమాణం 2020లో వెలువడింది. క్రోనీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఏడాదే దాన్ని అందుకుంది. జవాబు అసలు సర్వర్ నుంచే వచ్చిందని యంత్రం దీనితో రుజువు చేసుకోగలదు. ఇందులోనూ చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు ఒకటుంది. సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో తేల్చాలంటే ముందు సమయం తెలియాలి. అందుకే యంత్రంలో బ్యాటరీతో నడిచే మంచి గడియారం కూడా ఉండాలి. కావలసినదల్లా దేశ అధికారిక సర్వర్ల నుంచి ఈ పద్ధతిలో సమయం ప్రతి జిల్లాకూ, ప్రతి సంస్థకూ సులువుగా అందడం. ఏ సమయం తీసుకోవాలో చట్టం చెప్పినప్పుడు, అది నకిలీ కాదని నిరూపించే వీలు కల్పించడం కూడా ప్రభుత్వం బాధ్యతే.

జీపీఎస్ యాంటెన్నా ఉంది కదా, నెట్‌వర్క్‌తో పనేముంది అనుకోవడానికీ లేదు. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని తప్పించే క్రమంలో దొర్లిన పొరపాటుతో వ్యవస్థ ప్రసారం చేసిన సమయంలో 13 మైక్రోసెకన్ల దోషం వచ్చింది. 2025 చివర్లో ఢిల్లీ విమానాశ్రయం వద్ద విమానాలకు నకిలీ జీపీఎస్ సంకేతాలు ఎదురయ్యాయి. హైదరాబాద్ సహా ఇతర విమానాశ్రయాల నుంచీ సంకేతాల ఆటంకాలపై ఫిర్యాదులు వచ్చాయని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు తెలిపారు. మనకు సొంత దారి ఉంది, అది నావిక్ ఉపగ్రహ వ్యవస్థ. చిల్లకూరుకు దక్షిణాన ఇదే తీరంలో శ్రీహరికోట ఉంది. తొలి తరం నావిక్ ఉపగ్రహాల్లో విదేశీ అణుగడియారాలు ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయాక, 2023 మే 29న అక్కడినుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ రుబీడియం గడియారం ఉంది. ఆ తర్వాతి ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్య చేరలేకపోయింది. ఆ లోటు త్వరగా పూడాలి. ప్లాంట్లు కొనే రిసీవర్లు జీపీఎస్‌తోపాటు నావిక్‌నూ వినగలిగేలా ఉండాలి.

ఇదంతా క్రిస్ సిటీకి ఇప్పుడే ఎందుకు ముఖ్యమంటే, అక్కడ చాలా టెండర్లు ఇంకా ముందున్నాయి. ఇప్పుడు కొనే పరికరాలు పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తాయి. ఎన్‌టీపీ సెకన్లను లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్య 2036 ఫిబ్రవరి 7న నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్ దాన్ని దాటేస్తుంది. నాసిరకం పెట్టె దాటదు. ఆ రోజుకు ఇక్కడి ఫ్యాక్టరీలు పనిచేస్తూ ఉంటాయి.

క్రిస్ సిటీ సంస్థకూ, ఏపీ ట్రాన్స్‌కోకూ, తమ్మినపట్నం, నేలటూరు విద్యుత్ కేంద్రాల యాజమాన్యాలకూ విన్నపం ఒక్కటే. టైం సర్వర్ కొనే ప్రతి టెండర్‌లో దాని పూర్తి ఆయుష్షుకూ భద్రతా ప్యాచ్‌లు ఇచ్చే షరతు రాయండి. ఎన్‌టీఎస్, నావిక్ రెండూ అడగండి. ఆ సర్వర్‌కు బాధ్యుడైన ఉద్యోగి పేరును రిజిస్టరులో రాసి, ఏటా జరిగే సైబర్ ఆడిట్‌లో అతన్ని పిలిచి, వెర్షన్ ఏమిటో, చివరి ప్యాచ్ ఎప్పుడు పడిందో అడగండి. ఈ ఏడాది ఆడిట్‌తోనే మొదలుపెట్టండి.